ఎలుక కొరికిన జెంబే, ఎండకు పగిలిన జెంబే

నెల్లూరు సంతపేటలో ఒక సందు చివర నా కొట్టు. మృదంగం, డోలు, డోలక్, తబలా, తప్పెట, ఏది తెచ్చినా తోలు మార్చి బిగించి ఇస్తాను. 31 ఏళ్ళుగా ఇదే పని. జెంబేలనే ఆఫ్రికా వాయిద్యాలు మాత్రం ఈ ఆరేడేళ్ళ నుంచే వస్తున్నాయి. చర్చి పాటల బృందాలు కొంటున్నాయి, కాలేజీ పిల్లలు కొంటున్నారు. తెచ్చినవాళ్ళందరూ అడిగేది ఒకటే: "కొని ఏడాది కూడా కాలేదు, అప్పుడే ఎందుకు పోయింది?" ఒక్కొక్కరికీ చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నేను సమీక్షిస్తున్నది ఆన్‌లైన్లో 9,800 రూపాయలకు కొన్న 12 అంగుళాల జెంబే. కొన్నది నేను కాదు, కోవూరు వైపు ఒక చర్చి యువజనులు. క్రిస్మస్‌కు ముందు తెప్పించుకున్నారు, అయిదు నెలలు బాగానే వాయించారు. మే నెలాఖరులో దాన్ని రేకుల గదిలో పెట్టి తాళం వేశారట. రాత్రి గదిలో టపాకాయ పేలినట్టు చప్పుడైతే కాపలా మనిషి కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడట. తీరా చూస్తే జెంబే తోలు అంచు నుంచి అంచుకు చీలి ఉంది.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మనవాళ్ళు ఊరికే అనలేదు. పైగా ఇది నిజంగానే రోలు వంటిది. మాలీ, గినీ దేశాల్లో జెంబే పుట్టుకకు చెప్పే కథల్లో ఒకటి ఏమిటంటే, ధాన్యం దంచుతుంటే రోలు అడుగు ఊడిపోయింది, దాని మీద మేక తోలు కప్పితే వాయిద్యమైంది. కథ సంగతి ఎలా ఉన్నా ఆకారం చూస్తే నమ్మబుద్ధి అవుతుంది. పైన గిన్నె, కింద గొట్టం, రెండు చివరలా తెరిచిన చెక్క. పైవైపు మాత్రం తోలు.

ఆ చర్చి పిల్లలు జెంబే దించి వెళ్ళిన మూడో రోజున కనిగిరి నుంచి ఇంకొకాయన వచ్చాడు. అత్తగారి ఊరు కలిగిరి, అక్కడికి వచ్చినవాడు ఇటు వచ్చాడు. గోనెసంచిలో చుట్టి తెచ్చినదాన్ని నా బల్ల మీద పెట్టగానే బల్ల కిర్రుమంది. అదీ జెంబేనే. గినీ దేశంలో కురూసా అనే ఊరి దగ్గర రెండేళ్ళు బోరు బండి మీద పనిచేసి, తిరిగొచ్చేటప్పుడు అక్కడ చెక్కేవాడి దగ్గరే కొని తెచ్చుకున్నాడు. కనిగిరిలో అటక మీద పెడితే ఎలుకలు తోలును అరచేతి మందాన కొరికేశాయి.

ఒకటి ఎండకు పోయింది, ఒకటి ఎలుకకు పోయింది. రెండూ 12 అంగుళాలవే. ఇంత మంచి అవకాశం మళ్ళీ రాదనిపించింది. ఒకే మంద నుంచి వచ్చిన రెండు మేక తోళ్ళు తెచ్చి, రెండింటికీ ఒకే రకం తాడు వేసి, ఒకే రోజు కట్టాను. అప్పుడు తేడా ఏదైనా వినిపిస్తే అది చెక్కది, అంచుది అవుతుంది గానీ తోలుది కాదు.

ముందు ఆన్‌లైన్ జెంబే సంగతి. అడుగున చీటీ మీద ఇండోనేషియాలో తయారైనదని ఉంది. అక్కడ జావా దీవిలో బ్లిటార్ అనే ఊళ్ళో ఇవి పెద్ద ఎత్తున చేస్తారు. చెక్క మహాగని, యంత్రం మీద తిప్పి తీసింది. లోపల చెయ్యి పెడితే గాజు గ్లాసులా నునుపు. బయట రంగు చుక్కలతో ఒక బల్లి బొమ్మ. ఆఫ్రికా వాయిద్యం మీద బల్లి ఎందుకో నాకు తెలియదు, మన ఇళ్ళలో అయితే ఎటు తిరిగి ఉందో చూసి ఫలితం చెప్పేవాళ్ళు. చెక్క మాత్రం ఆరింది, పగుళ్ళు లేవు. తోలును పట్టి ఉంచే ఇనుప కడియాల అతుకులు సరిగానే ఉన్నాయి.

తప్పంతా పైన ఉంది. మేక తోలు మధ్యలో వెన్నుగీత కనిపిస్తుంది. తోలు కట్టేవాడు ఆ గీతను సరిగ్గా నడిమధ్యకు తెస్తాడు, అప్పుడే రెండు వైపులా మందం సమంగా ఉండి నాదం సమంగా పలుకుతుంది. ఈ జెంబేకు గీత మూడు వేళ్ళు పక్కకు జరిగి ఉంది. చీలింది కూడా పలచగా ఉన్న వైపే. ఇంకొక సంగతి, జావాలో గాలి తేమగా ఉంటుంది. ఆ గాలిలో బిగించిన తోలు మన మే నెల వేడికి ముడుచుకుంటుంది. తాడేమో వదలదు. మరి ఏదో ఒకటి తెగాలి కదా.

మూడో తప్పు అంచు. తోలు ఆనే చెక్క అంచు గుండ్రంగా ఉండాలి, చెంచా వీపులాగా. దీనికి చాకు అంచులా ఉంది. వాయించే కుర్రాడి వేళ్ళ మొదళ్ళు కమిలిపోయి ఉన్నాయి. "అలవాటైతే తగ్గుతుందన్నారు అంకుల్" అన్నాడు. అలవాటు కాదు నాయనా, ఉప్పుకాగితం కావాలి. అరగంట రుద్దితే సరిపోయింది. ఆ అరగంట అమ్మేవాళ్ళు పెట్టలేకపోయారు.

అమ్మినవాళ్ళకు పిల్లలు ఫోను చేస్తే తోలు సహజ పదార్థం గనుక దానికి పూచీ ఉండదన్నారట. జెంబేలో పలికేదే తోలు. దానికి పూచీ లేకపోతే బల్లి బొమ్మకు పూచీ ఇస్తున్నారా?

ఇప్పుడు కనిగిరి జెంబే. తూచాను. మహాగనిది 5 కిలోల 800 గ్రాములు, ఇది 9 కిలోల పైన. చెక్క పేరు లెంకె అని ఆయన చెప్పాడు, జెంబేకు అక్కడ బాగా పేరున్న చెక్క అదేనట. లోపల చెయ్యి పెట్టి చూశాను. నునుపు లేదు. బాడిసె దెబ్బలు ఒకదాని పక్కన ఒకటి సుళ్ళు తిరుగుతూ కిందికి దిగాయి. వేలితో తడుముతుంటే చెక్కినవాడు కుడిచేతి వాటం మనిషని కూడా అనిపించింది. అక్కడ ఈ పని నుముల ఇళ్ళలో తరతరాలుగా ఉంది. నుములంటే కమ్మరులు. ఇనుము కొట్టే చేతులే చెక్కనూ తొలుస్తాయి.

తోళ్ళు ఒక రోజు నీళ్ళలో నానబెట్టాను. మెత్తబడ్డాక వెన్నుగీత మధ్యకు తెచ్చి, కడియాల మధ్య మడిచి, నిలువు తాళ్ళు చేతి బిగువుతో లాగి, నీడలో అయిదు రోజులు వదిలేశాను. తొందరపడి ఎండలో పెడితే ఈ పని మొదటికొస్తుంది. ఆరాక కర్ర వేసి తాళ్ళు ఒక్కొక్కటే లాగుతూ కడియాన్ని రెండు వేళ్ళు కిందికి దించాను. వెంట్రుకలు బ్లేడుతో గీసేశాను. అక్కడ కూడా బ్లేడుతోనే గీస్తారని కనిగిరి ఆయన నా పక్కన కూర్చుని చెబుతుంటే, పని ఎక్కడైనా ఒకటేనన్న నవ్వు వచ్చింది. చివర నిలువు తాళ్ళ మధ్య అడ్డంగా తాడు అల్లుకుంటూ పోతే ముడులు వరుసగా పడి శ్రుతి ఇంకా పైకి వెళ్తుంది. నైలాను తాళ్ళు రాకముందు అక్కడ కూడా తోలును మంట సెగకు చూపి బిగువు తెచ్చేవారట. మనం తప్పెటను గడ్డిమంట మీద కాచినట్టే.

జెంబేకు మూడు నాదాలు. నడుమ అరచేత్తో కొడితే లోతైన 'దుమ్' నాదం. అంచున వేళ్ళు కలిపి కొడితే నిండు నాదం. అదే అంచున వేళ్ళు విడిచి చెంపదెబ్బ వేసినట్టు కొడితే చురుక్కుమనే నాదం. 'దుమ్' దగ్గర రెండు జెంబేలకూ పెద్ద తేడా లేదు, నిజం చెప్పాలంటే మహాగనిదే కొంచెం మెత్తగా, హాయిగా ఉంది. చెంపదెబ్బ దగ్గరే లెంకె చెక్క దాని జాతి చూపించింది. సందు మొదట్లో టీ కొట్టు నుంచి మనిషి వచ్చి "ఏమిటన్నా పగిలింది?" అని అడిగాడు.

కాబట్టి కొనాలనుకునేవాళ్ళకు నా మాట: 9,800 పెట్టి ఇది కొనవచ్చు. కాకపోతే ఇంకో 1,950 పక్కన పెట్టుకోండి. తోలుకు 600, తాడుకు 450, కూలి 900. అంచు రుద్ది, తోలు మార్చాక అది పనికొచ్చే వాయిద్యం. వేసవిలో అడ్డం అల్లిన ముడులు నాలుగయిదు విప్పి, గుడ్డ సంచిలో పెట్టి, రేకుల గదిలోనో కారు డిక్కీలోనో వదలకుండా ఇంట్లో ఉంచండి. కార్తీకంలో వాన పట్టినప్పుడు తోలు వదులవుతుంది, అప్పుడు ఆ ముడులు మళ్ళీ వేసుకోవాలి. నక్షత్రాలు ఇమ్మంటే చెక్కకు నాలుగు, తోలుకు ఒకటి, అమ్మినవాళ్ళ మాటకు సున్నా.

అయితే చర్చి పిల్లలది ఇంకొక ఫిర్యాదు కూడా ఉంది, అది తోలు మార్చినా తీరేది కాదు. "వీడియోలో వినిపించేటంత నిండుగా రావడం లేదు అంకుల్, ఎంత కొట్టినా ఒంటరిగా ఉంటుంది" అన్నారు. కనిగిరి ఆయన అది విని, ఫోను తీసి తాను తీసుకున్న వీడియో చూపించాడు. ఎర్రమట్టి నేల, మామిడిచెట్టు కింద జనం. జెంబేలు రెండే. వాటి వెనక, కర్రలతో కొట్టే మూడు పెద్ద వాయిద్యాలు. రెండు వైపులా ఆవుతోలు ఉండే పీపాల వంటివి. వాటిని డునున్లంటారు. చిన్నదాని పేరు కెన్‌కెని, నడిమిది సంగ్‌బాన్, పెద్దది డునున్‌బా. ఒక్కొక్కదాని మీద ఒక ఇనుప గంట. వాయించేవాడు ఒక చేత్తో తోలు మీద, రెండో చేత్తో గంట మీద కొడతాడు. పాట నిలబడేది ఆ మూడింటి మీదే. జెంబే పైన మాట్లాడుతుంది, అంతే. పిల్లలు విన్నది అయిదుగురు మనుషుల మోత, కొన్నది అందులో ఒక్కడి వాటా.

ఆ వీడియో ఎలా వచ్చిందో ఆయన చెప్పిన తీరు ఇక్కడ రాయకుండా ఉండలేను. కనిగిరి వైపు ఫ్లోరైడు నీళ్ళ బాధ తెలిసిన మనిషి కాబట్టి బోరులో నీళ్ళు పడితే ఆయనకు ఎక్కడైనా ఒకటే సంతోషం. గినీలో ఆ ఊళ్ళో రెండు చోట్ల వేసిన బోర్లలో నీళ్ళు పడలేదట. మూడోది మధ్యాహ్నం రెండింటికి పడింది. బురదనీళ్ళు పైకి లేవగానే ఆడవాళ్ళు సొరబుర్రలు, ప్లాస్టిక్ బిందెలు పట్టుకుని వచ్చారు. మొదట చప్పట్లు, తర్వాత పాట. చీకటి పడేసరికి డునున్లు వచ్చాయి. ఒక ముసలావిడ వలయంలోకి వచ్చి అడుగు వేసింది. జెంబే వాయించే అతను ఆమె కాళ్ళనే చూస్తున్నాడు. ఆమె అడుగు మారిస్తే అతని దెబ్బ మారుతుంది, ఆమె వేగం పెంచితే అతను పెంచుతాడు. ఇక చాలన్నట్టు ఆమె ఒక ఊపు ఊగగానే అతను తెగగొట్టే దెబ్బ ఒకటి వేశాడు, అందరూ ఒక్కసారి ఆగారు. ఆమె వెళ్తూ అతని నుదుటి మీద ఒక నోటు అంటించింది.

ఇది విన్నప్పుడు నాకు మా చిన్నప్పటి తప్పెట్లవాళ్ళు గుర్తొచ్చారు. నేల మీద పెట్టిన రూపాయి నోటును, దరువు తప్పకుండా, వెనక్కి వంగి కంటిరెప్పతో అందుకునేవాళ్ళు.

అక్కడ దరువుకూ సందర్భానికీ ముడి ఉంటుంది. కస్సా అంటే కోతల కాలపు దరువు. ఊరికి దూరంగా ఉన్న పొలాల్లో కోత కోస్తుంటే పక్కన నిలబడి వాయిస్తారు, కోసేవాళ్ళ నడుము పట్టేయకుండా. మగపిల్లల సున్తీ వేడుకకు సోలి. పెద్ద డునున్ పేరే పెట్టుకున్న డునున్‌బా అనే ఆట బలమైన మగవాళ్ళది. ఒకప్పుడు అందులో కొరడాలతో ఒకరినొకరు కొట్టుకుంటూ ఓర్పు చూపించుకునేవాళ్ళట. పీర్ల పండుగ రాత్రి గుండం చుట్టూ తిరిగే మనుషులను, ఆ తప్పెట మోతను చూసినవాళ్ళకు ఇది విడమరిచి చెప్పాల్సిన పని లేదు. మన పెన్న కింది పొలాల్లో నాట్లకు పాటలుండేవి, ఇప్పుడు కోత యంత్రం వస్తోంది. యంత్రానికి నడుము నొప్పి లేదు, దరువుతో పని లేదు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచనలో పెట్టింది వేరే విషయం. ఎవరు వాయిస్తారు అన్నది. మాలీ, గినీల్లోని ఆ మాండింగ్ ప్రాంతంలో జెలీలని ఒక వర్గం ఉంది. పుట్టుకతో వచ్చే వృత్తి. 21 తీగల కోరా, చెక్క పలకల బాలాఫోన్ వాళ్ళవి. రాజుల వంశాలు, యుద్ధాలు తలలో పెట్టుకుని పాడతారు. 13వ శతాబ్దంలో మాలీ సామ్రాజ్యాన్ని స్థాపించిన సుంజాటా కథ అలాగే నిలిచింది. ఆ కాలం నాటిదేనని చెప్పే ఒక బాలాఫోన్‌ను గినీలో నియాగసోలా అనే ఊళ్ళో ఒకే వంశంవాళ్ళు కాపాడుతూ వస్తున్నారు. 2001లో యునెస్కో దాని సంప్రదాయాన్ని గుర్తించింది. మన దగ్గర కాటమరాజు కథ పాడే కొమ్ములవాళ్ళు ఉన్నారు కదా, ఆ వరుస అనుకోండి. నెల్లూరు నల్లసిద్ధితో మేత పుల్లరి దగ్గర వచ్చిన గొడవను ఇప్పటికీ కళ్ళతో చూసినట్టు చెబుతారు.

జెంబేకు ఆ కట్టు లేదు. చెక్కేది నుములైనా వాయించేది ఏ ఇంటివాడైనా కావచ్చు. ఆ రాత్రి వాయించిన అతను పగలు మామూలు రైతేనట. మా అమ్మాయి చదివి చెప్పింది, మమాదీ కెయిటా అని 1950లో గినీలో బలండూగూ అనే ఊళ్ళో పుట్టి లోకమంతా జెంబే నేర్పిన మహా వాద్యకారుడు ఒకాయన ఉండేవాడట, 2021లో పోయాడు. కెయిటా అంటే ఆ సుంజాటా ఇంటిపేరు, రాజుల ఇంటిపేరు. మా ఊళ్ళో పెద్దింటి అబ్బాయి ఎవరైనా తప్పెట మెడలో వేసుకోవడం నేను చూశానా అని గుర్తు చేసుకున్నాను. చూడలేదు. తప్పెట ఒక వాడలోనే ఉండేది. పెళ్ళికీ కావాలి, చావుకీ కావాలి, జాతరకు అది లేకపోతే అమ్మవారు కదలదు. కొట్టినవాడికి మాత్రం పందిరి బయటే విస్తరి. నా దగ్గరికి ఇప్పుడు 9,800 పెట్టి కొన్న వాయిద్యాన్ని పిల్లలు చంకన పెట్టుకుని తెస్తారు, ఏ ఇంటివాళ్ళయినా. అదే చేతికి తప్పెట ఇస్తే కొందరు పట్టుకోరు. రెండూ మేక తోలే.

అలాగని అక్కడ అన్నీ సమానమని కాదు. జెంబే మగవాళ్ళ చేతిలోనే ఉంటూ వచ్చింది, ఆడవాళ్ళవి పాట, చప్పట్లు, ఆట. ఇప్పుడిప్పుడే వాయించే ఆడవాళ్ళు వస్తున్నారట. ఊరి చెట్టు కింది వాయిద్యం రంగస్థలం ఎక్కింది కూడా ఈ మధ్యే. ఫోదేబా కెయిటా అనే గినీ కవి 1952లో పారిస్‌లో ఆఫ్రికా నృత్య బృందాన్ని నిలబెట్టాడు. 1958లో గినీకి స్వాతంత్ర్యం వచ్చాక అది జాతీయ బృందమై దేశాలు తిరిగింది. జెంబేను చూసి ముచ్చటపడిన దేశాలకల్లా సరుకు కావాల్సి వచ్చింది. ఆ సరుకు ఇప్పుడు జావాలో తయారై కోవూరు దాకా వస్తోంది.

చర్చి పిల్లలకు మూడు డునున్లు కొనమని చెప్పలేను కదా, అంత డబ్బు వాళ్ళ దగ్గర లేదు. నా కొట్టు మూల నాలుగేళ్ళుగా ఎవరూ తీసుకుపోని డోలు ఒకటి పడి ఉంది. దానికి పాత మూతలే బాగుచేసి కట్టి ఇచ్చాను. ఇంకొకటి తప్పెట. మూడోదిగా పాత ఇనుప గంట. జెంబే తీసుకెళ్ళడానికి వచ్చిన రోజు కనిగిరి ఆయన కూడా ఉన్నాడు. డోలు మీద సంగ్‌బాన్ దరువు ఎలా వేయాలో ఆయన చేత్తో చూపించాడు, ఆయనకు వచ్చింది కూడా అంత మాత్రమే. గంట పట్టుకున్న అమ్మాయికి మూడు నిమిషాల్లో కుదిరింది. తప్పెట దగ్గర అబ్బాయిలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే, డోలు పక్కన పెట్టి ఒక కుర్రాడు వచ్చి తీసుకుని మెడలో వేసుకున్నాడు. "మా తాత కొట్టేవాడు" అన్నాడు, ఎవరినీ చూడకుండా.

జెంబే ఆ మూడింటి మధ్య పడ్డాక నేను పైన ఇచ్చిన నక్షత్రాల్లో తోలుదాన్ని మార్చాలి. ఇప్పుడున్నది నేను కట్టిన తోలు గనుక నాకు నేను ఎన్ని ఇచ్చుకోవాలో తెలియక వదిలేస్తున్నాను. కనిగిరి ఆయన జెంబే ఇంకా నా దగ్గరే ఉంది. ఎలుకలు రాని చోటు ఇంట్లో చూసుకున్నాక తీసుకెళ్తానన్నాడు. సాయంత్రం కొట్టు మూసే ముందు రోజూ పది దెబ్బలు వేస్తున్నాను. టీ కొట్టు మనిషి రావడం మానేశాడు.